కొత్తలు కాకముందు

ఇప్పలవాగు,
మంగళవారం, 12-6-2007.

చి. యశోదకు,

పిచ్చయ్య మామ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ మీ ఆయనా పిల్లలూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. మా నాన్న నాకు ఉత్తరం రాయడం అలాగే నేర్పాడు. కానీ ఇక్కడ అంత క్షేమంగా ఏమీ లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒంటికి మాత్రం క్షేమమే. మిగతాది కింద రాస్తున్నాను, చదువుకో.

నీకు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. మర్నాడు చేస్తే మీ ఆయన ఎత్తి, యశోద డ్యూటీకి పోయిందన్నాడు. వెనక నీ దగ్గు వినిపించింది. చిన్నప్పుడు కూడా నువ్వు ఎక్కడ దాక్కున్నా ఆ దగ్గే పట్టించేది. పోనీలే, ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయడం కుదరదు. చింపాలన్నా ముందు విప్పాలి. విప్పితే నాలుగు మాటలైనా కంట్లో పడతాయని నా ఆశ.

ఇంకో కారణం కూడా ఉంది. భూమి పండుగ అయిన మర్నాడు గూడెంలో పెద్దలు కూర్చుంటారనీ, సంత నేల దున్ని విత్తనం వేయాలా వద్దా అన్నది ఆ రోజే తేలుస్తారనీ నీ తమ్ముడు రాంబాబు చెప్పాడు. వాడు నాతో మాట్లాడకూడదు కదా, అందుకని వాగు దగ్గర ఎదురుపడినప్పుడు తల తిప్పుకుని పక్కనున్న చెట్టుకు చెప్పాడు. చర్ల నుంచి నువ్వు వస్తున్నావనీ, నర్సు ఉద్యోగం చేస్తున్నదానివి కనక నీ మాటే అందరూ వింటారనీ కూడా ఆ చెట్టుకే చెప్పాడు. నేల మీ గూడేనిది. దున్నుకుంటామంటే కాదనే హక్కు నాకు లేదు, ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. కానీ నాగలి దిగిన రోజుతో ఇప్పలవాగు సంత పోతుంది, సంత పోతే ఈ ఊరూ పోతుంది. అందుకని దున్నేముందు ఈ ఉత్తరం అందరిలో చదివి వినిపించమని నిన్ను అడుగుతున్నాను. నీకు తెలిసిన సంగతులు కూడా విడమరిచి రాస్తాను, విసుక్కోకు. కూర్చున్నవాళ్ళలో కుర్రవాళ్ళుంటారు. ఈ సంత ఎలా పుట్టిందో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

మా నాన్న ఆదినారాయణ తిరువూరు అవతలి పల్లె నుంచి రెండెడ్ల బండి మీద ఈ లోయలోకి దిగినప్పుడు ఇక్కడ ఊరన్నదే లేదు. అటో కొండల వరస, ఇటో కొండల వరస, మధ్యలో వాగు. వాగుకు అవతల మీ గూడెం, ఇవతల ఒడ్డున ఇప్పచెట్లు. బండిలో ఉప్పు బస్తాలు, ఒక ట్రంకుపెట్టె, మా అమ్మ, అమ్మ ఒళ్ళో నేను. ఆ రోజుల్లో ఉప్పు కావాలంటే మీవాళ్ళు కొండ దిగి పొద్దంతా నడవాల్సి వచ్చేదట. మా నాన్నకు ఆ సంగతి ఎవరో చెప్పారు. ఉప్పు వాళ్ళ ముంగిటికే తీసుకుపోతే బతకొచ్చు అనుకున్నాడు. అంతకు మించి గొప్ప ఆలోచనేమీ లేదు, ఉందని ఆయన కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఇప్పచెట్ల కింద బండి విప్పగానే మీ తాత లచ్చయ్య వాగు దాటి వచ్చాడు. అప్పుడు గూడేనికి పూజారి ఆయనే. మా నాన్న లేచి నిలబడి, వారానికొక రోజు ఇక్కడ కూర్చుని ఉప్పు అమ్ముకుంటాను, ఏమిచ్చుకోమంటారు అని అడిగాడు. మీ తాత కాసేపు ఎడ్లను చూసి, ఉప్పును చూసి, మా అమ్మ ఒళ్ళో ఉన్న నన్ను చూసి అప్పుడు మాట్లాడాడట. ఆ మాట మా నాన్న పోయేదాకా చెప్పేవాడు, నేను నా కొడుక్కి చెప్పాను, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

"కూర్సో, అమ్ముకో. మాకేం ఇయ్యొద్దు. ఒక్కటే మాట. మేం కొత్తలు జేయకముందు ఈ నేల మీదికి మామిడిపండు రావద్దు. పెద్దోళ్ళం మేం ఆగుతం. పిలగాండ్లు చూస్తే ఆగరు. వేల్పుకు పెట్టకముందు పిలగాడు తింటే ఆ తప్పు పిలగాని మీద పడతది. గట్ల పడొద్దు."

సంత పుట్టింది ఆ మాట మీద. కాగితం లేదు, సాక్షి లేడు. కొత్తలంటే కొత్త మామిడి పండుగ కదా, ఆ మామిడిని ముందు వేల్పుకు పెట్టి, కోడిని కోసి, ఆ తరవాతే గూడెం నోట పెట్టుకుంటుంది. అప్పటిదాకా చెట్టు కింద రాలిన పండును కూడా ముట్టుకోరు. మావాళ్ళకి అది వింతగా ఉండేది. ఉగాదికి పచ్చడిలో మామిడి ముక్క పడకపోతే మా అమ్మకు పండుగ కాదు. ఆవిడ దమ్మపేట వైపు చుట్టాలింటి నుంచి కొంగులో దాచి ఒక కాయ తెచ్చేది. తలుపులు వేసి తరిగేది. పచ్చడి తిన్నాక మమ్మల్ని నోరు పుక్కిలించి గానీ బయటికి పోనిచ్చేది కాదు. వాగు అవతలి పిల్లల ముందు మా నోళ్ళు పులుపు వాసన వేయకూడదని.

తరవాత ఉప్పు పక్కన ఎండుచేపలు వచ్చాయి. ఎండుచేపల పక్కన కుండలు, కుండల పక్కన గాజులు. గాజుల కోసం వచ్చిన ఆడవాళ్ళకి దాహమైతే మా అమ్మ మజ్జిగ పోసేది. ఆ మజ్జిగ కుండే పెరిగి పెరిగి ఇప్పుడు నా హోటలయింది. ములకలపల్లి వైపు గూడేల నుంచి చీపుర్లూ తేనే వచ్చేవి, సత్తుపల్లి నుంచి బట్టలవాళ్ళు వచ్చేవాళ్ళు. జనం వస్తున్నారు కదా అని బస్సు వేశారు. బస్సు వస్తోంది కదా అని పోస్టాఫీసు పెట్టారు. బడి వచ్చింది, అందులో నువ్వు చదువుకున్నావు. రేకుల షెడ్డులో సినిమా కూడా ఆడింది కొన్నాళ్ళు. వర్షం పడితే రేకుల మోతకు మాటలు వినపడేవి కావు, అయినా ఒక్కరూ లేచేవాళ్ళు కాదు.

మా లోయలో ఊళ్ళన్నీ దాదాపు ఇలా పుట్టినవే. పెద్ద రోడ్డు మీద పోయేవాళ్ళకి అవి నాలుగు కొట్లూ ఒక స్పీడు బ్రేకరూ. బస్సు ఆగితే దిగి కాళ్ళు సాచుకుని, ఇక్కడ చూడ్డానికేముంది అని నన్నే అడుగుతారు. నేనేం చెప్పను? మంగళవారం పొద్దున రమ్మంటాను. ఇప్పపువ్వు గంపల వాసన, ఎండుచేపల వాసన, నా బజ్జీల నూనె వాసన కలిసి ఒక వాసన వస్తుంది. అది తగలగానే కొండ దిగేవాళ్ళు నడక పెంచుతారు. గుడ్డ బేరం చేస్తూ చేస్తూ పెళ్ళి సంబంధం మాట్లాడేసుకుంటారు. నీ సంబంధం కూడా నా బల్ల మీదే కుదిరింది, మరిచిపోయావేమో. మీ అయ్య బొజ్జయ్యా నేనూ ఒకరి వయసువాళ్ళం. ఆయన నన్ను బావా అంటాడు, నేను ఆయన్ని బావా అంటాను. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. మీ తాత పోయాక ఆయన పూజారి అయ్యాడు, మా నాన్న పోయాక సంతను చూసుకునే పని నాకు వచ్చింది. కొత్తలు కాకముందు మామిడి గంపతో ఎవరైనా తెలియక వస్తే కల్వర్టు దగ్గరే ఆపి వెనక్కి పంపింది నేనే.

ఇక ఏప్రిల్‌లో జరిగిన సంగతి. నువ్వు విన్నదే, అయినా అందరిలో చదివే ఉత్తరం కనక రాయాలి.

నా కొడుకు ఉదయ్ భాస్కర్ రెండేళ్ళుగా మామిడి వ్యాపారం చేస్తున్నాడు. సత్తుపల్లి తోటల్లో కాయ పట్టి ఖమ్మం పంపుతాడు. ఆ మంగళవారం వ్యాను ఆలస్యమై, డ్రైవరు అన్నం తినాలంటే హోటల్ వెనక నిలిపాడు. పట్టా కప్పి ఉంది, అమ్మకానికి కాదు. అయినా అది సంత నేల. అక్కడికి ఆ బండి రావడమే తప్పు, ఆ తప్పుకు వాడూ నేనూ ఇద్దరం పూచీ. మీ అయ్య టీ తాగి హోటల్ వెనక్కి వెళ్ళాడు. మీ గూడెం మనుషులు వాగు దాటి వస్తూ చూసేసరికి మా వాడు మీ అయ్య చేయి పట్టుకుని ఉన్నాడు, ఆ చేతిలో కొరికిన మామిడిపండు ఉంది, మీ అయ్య గడ్డం మీద రసం కారుతోంది. ఏందిది అని అడిగితే మా వాడు, "నేనే నోట్లో పెట్టాను. పరాచికానికి" అన్నాడు.

మామా అల్లుళ్ళు పరాచికాలాడుకోవడం ఉన్నదే. దేవుడితో ఆడతారా? మీవాళ్ళకి కోపం రావడం న్యాయం. మీ అయ్య మనుషుల మొహాలు చూస్తూ నిలబడ్డాడు. పెద్దలు ఆయన తప్పు లేదని తేల్చి, శుద్ధి చేసి, ఆ తరవాత కొత్తలు చేసుకున్నారు. నువ్వు చర్ల నుంచి వచ్చి సంత మధ్యలో నిలబడి మమ్మల్నందరినీ ఉద్దేశించి అన్నావు: "మా అయ్య నోట్లో మామిడిపండు గాదు మీరు పెట్టింది. మా దేవుణ్ణి పరాచికం జేసిండ్రు. ఇగ ఈ నేల మీద మా కాలు పడదు."

నేను తల వంచుకుని నిలబడ్డాను. ఎత్తుకుని తిప్పిన పిల్ల అంత మందిలో అలా అంటే ఎలా ఉంటుందో నేను రాయను.

ఆ రోజు నుంచి గూడెం మాతో మాట్లాడకూడదని కట్టుబాటు చేసుకుని, సంతకు రావడం మానేసింది. మిమ్మల్ని చూసి కొండ మీది గూడేలూ మానేశాయి. మా ఊళ్ళో కొందరు మొదట్లో పెద్ద మాటలన్నారు. వాళ్ళు రాకపోతే మనకేం, కొట్లున్నాయి, పామాయిల్ తోటలున్నాయి అన్నారు. ఇప్పుడు వాళ్ళే రోజంతా కొట్ల ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు. ఎండుచేపల గోపాలు ఇంకో సంతకు పోతున్నాడు. మంగళవారం బస్సు ఒక ట్రిప్పు తగ్గించారు. ఇవాళ ఈ ఉత్తరం రాస్తుంటే నా ఎదురుగా సంత నేల మీద తండా నుంచి వచ్చే కమ్లి ఒక్కతే గోనె పరుచుకుని మిరపకాయలు పోసుకుని కూర్చుంది. ఎవరికమ్ముతావే అని అడిగితే, మంగళవారం తండాలో ఉండబుద్ధి కాదు అంది. తరవాత తన మిరపకాయలు తనే ఏరుకుంటూ కూర్చుంది.

ఈ ఊరు మేం కట్టామని అనుకునేవాళ్ళం. సున్నం వేసింది మేమే, బోర్డులు రాయించింది మేమే. నడిపింది మాత్రం కొండ దిగివచ్చిన మీవాళ్ళు. ఈ రెండు నెలల్లో అది ఊళ్ళో ప్రతివాడికీ తెలిసింది, చెప్పుకోవడానికి సిగ్గు గానీ.

మా వాడి సంగతి కూడా రాయాలి. ఊళ్ళో వాడితో మాట్లాడేవాళ్ళు లేరు. సంతను చంపినవాడంటున్నారు. మామిడి వ్యాపారం మానేశాడు. కోడలు సాయిప్రియ, ఎందుకు చేశారా పని అని రోజూ అడుగుతుంది, వాడు లేచి బయటికి పోతాడు. మీ అత్త సుశీలమ్మ వాడికి అన్నం పెడుతూ ఏడుస్తుంది. గూడెం ఏ తప్పు కట్టమంటే అది కట్టి, వేల్పు ముందు సాగిలపడతానని వాడు కబురు పెట్టాడు. పెద్దలు వద్దన్నారు. మళ్ళీ అడుగుతున్నాను. వాణ్ణి ఈ నేల మీదికి రానివ్వకండి, ఒప్పుకుంటాను. నా హోటల్ తీసేయమంటే తీసేస్తాను. మీ తాత మాటను ఇకముందు గూడెం మనుషులే కల్వర్టు దగ్గర నిలబడి కాపాడుకోండి, మాకు అప్పగించవద్దు. నేలను మాత్రం నేలగా ఉంచండి. మొక్కజొన్న ఎక్కడైనా మొలుస్తుంది, సంత మాత్రం ఇంకో చోట మొలవదు.

చివరగా మీ అయ్య గురించి. ఆయన ఇప్పటికీ ప్రతి మంగళవారం వాగు దాటి నా హోటల్‌కు వస్తున్నాడు. ఆ విషయంలో గూడెం ఆయన మీద కోపంగా ఉందని విన్నాను. కోపగించుకోవద్దని పెద్దలకు నా మనవి. ఆయన సంతకు రావట్లేదు, నా కోసం వస్తున్నాడు. ఇంత పాత స్నేహం ఒక్క కట్టుబాటుతో తెగదు. బల్ల మీద తన చోట కూర్చుంటాడు. రెండు టీలు చెబుతాడు, ఒకటి తాగుతాడు. రెండోది నేను తాగుతాను. ఒక్కోసారి నన్ను మా నాన్న పేరుతో ఆదినారాయణా అని పిలుస్తాడు, వేళాకోళానికి. ఖాళీ నేలను చూస్తూ కూర్చుని, ఎండ తిరిగాక లేచి పోతాడు. ముసలాళ్ళిద్దరం ఆ మాత్రం టీ తాగితే ఏ వేల్పుకూ కోపం రాదనుకుంటాను.

పిల్లలకి నా ముద్దులు. మీ ఆయనను ఈసారి అబద్ధం చెప్పేటప్పుడు నిన్ను దగ్గవద్దని చెప్పమను.

ఇట్లు,
మీ మంచి కోరే మామ,
పిచ్చయ్య.

తా.క.

యశోదా, ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను. పైది అందరిలో చదువు. ఇది నీ ఒక్కదానికే. రాంబాబుకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

మా వాడు మీ అయ్య నోట్లో పండు పెట్టలేదు.

నేను హోటల్ వెనక తలుపు దగ్గర గిన్నెలు సర్దుతూ అంతా చూశాను. మీ అయ్య వచ్చి, పట్టా ఎత్తి, తనే పండు తీసుకున్నాడు. ఉదయ్ పరిగెత్తాడు. మామా, ఇంకా కొత్తలు కాలేదు కదా అన్నాడు. మీ అయ్య నవ్వాడు. "అయిపాయె గదా అల్లుడా, నిన్ననే జేస్తిమి. మీ అత్త కోడి కూర వండింది, నీ కోసం చానసేపు జూసింది. నువ్వెందుకు రాలే?" అన్నాడు.

ఆయన చెప్పిన ఆ అత్త మీ అమ్మ జంపక్క. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో నీకు నేను చెప్పాలా?

మా వాడు అక్కడే నిలబడిపోయాడు. నేను చేతిలో గిన్నె కింద పెట్టాను. ఈలోపు ఆయన పండు కొరికాడు. అప్పుడు వాడు చేయి పట్టుకున్నాడు. మీవాళ్ళు చూసింది నిజమే. పెట్టడానికి పట్టుకున్నాడని అనుకున్నారు. వాడు లాక్కోవడానికి పట్టుకున్నాడు. ఏందిది అని అడిగిన క్షణంలో వాడికి ఆ పరాచికం మాట ఎలా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. తరవాత నేను తిడితే ఒకటే అన్నాడు. పూజారి మరిచిపోయాడని తెలిస్తే మామను ఎవరూ మునుపటిలా చూడరు నాన్నా, నన్ను తిడితే తిట్టనీ అన్నాడు. నోరు విప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. సాయిప్రియకు కూడా చెప్పలేదు. పిలగాని మీద తప్పు పడొద్దని మీ తాత అన్న మాట వాడు చిన్నప్పటి నుంచి నా దగ్గర విన్నదే.

ఆయన నా స్నేహం కోసం వస్తున్నాడని పైన రాశాను. అది అందరి కోసం రాసింది. కట్టుబాటు సంగతి ఆయనకు గుర్తులేదు. ఇవాళ జనం ఎందుకు రాలేదు బావా, వానా అని అడుగుతాడు. అవును బావా, కొండ మీద వాన అంటాను. రెండో టీ నా కోసం కాదు, మీ అమ్మకు. ఆమె గాజుల దగ్గర ఉందంటాడు. చల్లారాక నేను తాగేస్తాను, అప్పటికి ఆ టీ సంగతి కూడా ఆయనకు గుర్తుండదు. ఆదినారాయణా అని పిలిచేది వేళాకోళానికి కాదు. నేను పలుకుతాను. కొత్తలు చేసిన రోజున కూడా ఆయన మధ్యలో ఆగిపోతే రాంబాబు పక్కనుంచి అందించాడని విన్నాను. దుఃఖం వల్ల ఆగాడని అందరూ అనుకున్నారు. రాంబాబూ అలాగే అనుకున్నాడు.

ఒట్టు ఎందుకు తప్పానో చెబుతాను. పోయిన మంగళవారం ఆయన ఇంటికని లేచి వాగు వైపు పోకుండా రోడ్డెక్కాడు. నేను చూసుకోలేదు. పొద్దు వాలుతుంటే కల్వర్టు అవతల, లారీలు పోయే చోట, పోయిన ఎద్దును వెతుకుతూ మా వాడికి కనపడ్డాడు. ఆ ఎద్దు మీ తాత కాలం నాటిది. వాడు బండి మీద ఎక్కించుకుని గూడెం మొదట్లో దించి, ఆయన మీ గుమ్మం ఎక్కేదాకా చెట్టు చాటున నిలబడి వచ్చాడు. వాడు గూడెంలోకి రాకూడదు కదా. ఇక వాగు పొంగే రోజులు. నా ఒట్టు కన్నా మీ అయ్య ముఖ్యం.

నువ్వు మందుల మనిషివి, ఇలాంటివి చూసే ఉంటావు. భద్రాచలమో ఖమ్మమో మంచి దవాఖానాకు తీసుకుపో. పూజారి పని రాంబాబుకు ఆయన చేతనే నేర్పించండి, ఆయన పక్కన ఉండగానే, నలుగురూ చూస్తుండగానే. ఆయన దగ్గర నుంచి లాక్కున్నట్టు ఉండకూడదు. మా వాడి పేరు బాగు చేయమని అడగను. అది చేయాలంటే ఆయన పేరు పోవాలి. వాడికి అది ఇష్టం లేదు, నాకూ లేదు.

నేల సంగతి పెద్దలు ఎలా తేలిస్తే అలాగే కానీ. దున్నాలంటే దున్నండి. వాగు దగ్గర నుంచి నా హోటల్ దాకా మాత్రం ఒక మనిషి నడిచేంత దారి నాగలి తగలకుండా వదలమని చెప్పు. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పు. ఆ దారి ఒక్కటే ఆయన కాళ్ళకి ఇంకా గుర్తుంది. చేలో అడుగుపెట్టగానే తప్పిపోతాడు.

సంత ఉన్నా లేకున్నా మంగళవారం నేను పొయ్యి వెలిగిస్తాను.